కొబ్బరి దింపు కత్తికి ప్లాస్టిక్ ఒర

ప్రశ్న: మా నాన్నగారు అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు పని చేస్తారు. వానాకాలం వచ్చేసరికి ఆయన కత్తికి ఉన్న తోలు ఒర బూజు పడుతోంది, అలుగు తుప్పెక్కుతోంది. కైడెక్స్ అనే ప్లాస్టిక్ రేకు తెప్పించి ఇంట్లోనే ఒర చేయబోయాను. మొదటి రేకు బుడగలెత్తి పాడయింది. రెండోదానిలో కత్తి సగంలోనే ఇరుక్కుపోయింది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: తోలు తడిని పీల్చుకుని రోజుల తరబడి అలుగుకు అంటించి ఉంచుతుంది కాబట్టి, ఉప్పుగాలి తగిలే మన ప్రాంతానికి నీరు పీల్చని ఒర కావాలన్న మీ ఆలోచన సరైనదే. కైడెక్స్ అనేది ఆక్రిలిక్, పివిసి కలిపి చేసిన రేకు. దీన్ని 1965లో అమెరికాలోని రోమ్ అండ్ హాస్ సంస్థ విమానాల లోపలి భాగాల కోసం తయారుచేసింది. వేడికి మెత్తబడి, చల్లారాక ఏ ఆకారంలో ఉంచితే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది.

బుడగలు అతివేడికి గుర్తు. ఈ రేకుకు 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. 200 దాటితే మాడడం మొదలై, అందులోని పివిసి నుంచి ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వెలువడుతుంది. అందువల్ల వంటకు వాడే ఓవెన్‌లో దీన్ని ఎంతమాత్రం పెట్టకండి, గ్యాస్ మంట మీద కాల్చకండి. గాలి బాగా ఆడే అరుగు మీద, వేడిగాలి ఊదే హీట్ గన్‌ను ఒకచోట నిలపకుండా తిప్పుతూ వేడిచేయండి. గడియారం చూసి లెక్కపెట్టడం కంటే రేకునే గమనించడం మేలు: చేతికి తొడుగు వేసుకుని ఒక మూల పట్టి ఎత్తితే, ఆత్రేయపురం మామిడి తాండ్ర పొరలా మెత్తగా వాలిపోవాలి. పైనున్న గరుకుదనం పోయి నిగనిగలాడుతుంటే హద్దు దాటిందన్నమాట.

ఇక ఇరుక్కోవడం సంగతి. ఇందులో మీ చేతి తప్పు కంటే కత్తి ఆకారమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. మొన వైపు వెడల్పుగా, వంకీ తిరిగి ఉన్న అలుగు సన్నటి మూతిలోంచి బయటికి రాదు. తిన్నని వంటింటి కత్తికి రేకును వెన్ను మీదుగా మడిచి ఒర చేయవచ్చు గానీ, దింపు కత్తికి ఆ పద్ధతి పనికిరాదు. రెండు రేకులు తీసుకుని, పదును వైపు మాత్రమే రివెట్లతో కలిపి, వెన్ను వైపు తెరిచి ఉంచండి; అప్పుడు అలుగు పక్కనుంచి వెళ్లి పక్కనుంచే వస్తుంది. రివెట్లు పదునుకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో ఉండాలి. వాటికీ పదునుకూ మధ్య అదే రేకు ముక్కను పట్టీలా పెడితే పదును ఆ పట్టీకి ఆనుతుందే గాని రివెట్లకు తగలదు. తెరిచిన వైపు పిడి దగ్గర నొక్కుడు గుండీ ఉన్న పట్టీ తప్పనిసరి.

అచ్చు తీసే ముందు అలుగుకు రెండు పొరల మాస్కింగ్ టేపు చుట్టండి. ఆ మందమే తర్వాత కత్తి కదలడానికి చోటవుతుంది. మెత్తబడిన రేకులను కత్తికి రెండు వైపులా ఉంచి, దట్టమైన ఫోమ్ అంటించిన రెండు చెక్కల మధ్య క్లాంపులతో బిగించి, పూర్తిగా చల్లారేదాకా, అంటే పది నిమిషాలైనా, కదిలించకండి. పరుపు స్పాంజి మరీ మెత్తన కాబట్టి అచ్చు స్పష్టంగా పడదు. ఒర కత్తిని పట్టుకోవలసింది పిడి మొదట్లో, పదును దగ్గర కాదు. పట్టు చాలకపోతే ఆ ఒక్కచోటే మళ్లీ వేడిచేసి నొక్కవచ్చు. మొన దగ్గర నీరు కారిపోవడానికి రంధ్రం వదలండి. ప్లాస్టిక్ నీటిని పీల్చదు గానీ, లోపల నిలిచిన నీరు ఇనుమును వదలదు. చివరగా గుండీ పెట్టి, ఒరను తలకిందులు చేసి, గడ్డి మీద ఇరవైసార్లు గట్టిగా దులపండి. ఒక్కసారి జారినా ఆ ఒరను నాన్నగారికి ఇవ్వకండి, ఎందుకంటే దింపు జరిగేటప్పుడు చెట్టు కింద కాయలేరే మనుషులుంటారు.

ప్రశ్న: కైడెక్స్ ఖరీదు ఎక్కువగా ఉంది. బోరు వేయగా మిగిలిన పివిసి పైపు ముక్క సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: సరిపోతుందండి. పివిసి పైపు సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక, నిలువునా కోసిన ముక్కను మరుగుతున్న నీటిలో ముంచితే చదును చేయడానికి వీలవుతుంది. అయితే ఆ నీటి గిన్నెను తిరిగి వంటకు వాడవద్దు. అలాగే ఎండాకాలం మూసి ఉంచిన కారు అద్దం కింద ఈ ఒరను వదిలితే వంగిపోయే అవకాశం ఉంది.