ఫార్మాట్ కొట్టకముందే ఫోన్ చేయండి

ప్రశ్న: గుంటూరులో మాది ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ షాపు. ఓ ఉదయం సిస్టం ఆన్ చేస్తే లెక్కల ఫైళ్లన్నీ లాకైపోయి, డబ్బు కట్టమని నోట్ కనిపించింది. సర్వీసు కుర్రాడు వెంటనే ఫార్మాట్ చేసేశాడు. బ్యాకప్ డ్రైవ్ కూడా దానికే తగిలించి ఉండటంతో అదీ పోయింది. ప్రభుత్వం సాయం చేస్తుందా? ఇకముందు ఎలా సిద్ధంగా ఉండాలి?

జవాబు: చేస్తుంది, చూపించడానికి ఆధారం మిగిలి ఉంటే. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ప్రతిదాంట్లోనూ ముందు ఫార్మాట్, ఆ తర్వాతే ఫిర్యాదు. లాకైన ఫైళ్లు, ఆ నోట్, లాగిన్ రికార్డులు చూసే కదా దొంగ ఎటు నుంచి వచ్చాడో చెప్పేది! నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. సిస్టం ఆఫ్ చేయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి.

కేంద్ర ఐటీ శాఖ కింద సైబర్ దాడుల సంగతి చూసే సంస్థ సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి దాడిని గమనించిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. ఈ ఆదేశాలు పాటించడానికి చిన్న వ్యాపారాలకు అదనపు గడువిచ్చారు, అదీ 2022 సెప్టెంబర్ 25తో ముగిసింది. ఖాతాలోంచి డబ్బు కూడా పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. సెర్ట్‌-ఇన్‌ పోలీసు కాదు కాబట్టి కేసు కోసం సైబర్ క్రైమ్ స్టేషన్‌కు విడిగా వెళ్లాల్సిందే. తాళం తీసిపెడతారని మాత్రం ఎవరి దగ్గరా ఆశ పెట్టుకోకండి.

నన్ను అన్నిటికంటే భయపెడుతున్నది రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచే షాపు సిస్టంలో పనిచేసే సౌకర్యం. అకౌంటెంట్ ఇంటి నుంచి లెక్కలు చూసుకోవాలని రౌటర్‌లో ఒక పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరుస్తారు, షాపు పేరు, 123 కలిపి పాస్‌వర్డ్ పెడతారు. పని అయ్యాక ఆ పోర్టు మూయాలని ఎవరికీ గుర్తుండదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నెట్‌ను జల్లెడ పడుతూనే ఉంటాయి. మీ షాపు చిన్నదని వాటికి తెలియదు. ఈరోజే మూయించండి. తప్పనిసరైతే వీపీఎన్ (నెట్‌లో వేసుకునే రహస్య దారి) మీదుగా, ఓటీపీ పెట్టుకుని మాత్రమే రానివ్వండి.

ఇక్కడ రౌటర్లు చేసేవాళ్లనూ అనాలి. 180 రోజుల లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పే రికార్డులు, దాచమని సెర్ట్‌-ఇన్‌ ఆదేశాలే చెబుతుంటే, షాపుల్లో కనిపించే చవక రౌటర్లు చాలావరకు కరెంటు పోయి వస్తే చాలు అంతా మర్చిపోతాయి. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసి కూడా ఇలాంటివి అంటగట్టడం అన్యాయం. కొనేముందు లాగ్‌లు బయటకు పంపే సౌకర్యం ఉందో లేదో అడగండి.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రిలోనూ రోజుల తరబడి చేత్తో రాసుకున్నారు. మీరూ ఒక బిల్లు పుస్తకం అచ్చు వేయించి పెట్టుకోండి. ఖాతాదారుల బాకీల పట్టీ వారానికోసారి ప్రింట్ తీయండి. పై నంబర్లు గల్లా పెట్టె పక్కన గోడకు అంటించండి, ఎందుకంటే ఆ రోజు కంప్యూటర్లో వెతకలేరు. రెండు బ్యాకప్ డ్రైవ్‌లు కొని, ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండేలా మార్చుకుంటూ ఉండండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.

ఫార్మాట్ చేసిన డిస్క్‌ను ఇంకా వాడుతుంటే ఇప్పుడే ఆపి, తీసి పక్కన పెట్టండి. కొత్త డేటా పైన పడేకొద్దీ పాతది దొరికే అవకాశం తగ్గిపోతుంది.