.38 రివాల్వర్‌ని .357 మ్యాగ్నమ్‌గా మార్పించుకోవచ్చా? నాకు జరిగింది చెబుతాను

మీ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన పాత .38 స్పెషల్ రివాల్వర్ ఉందన్నారు. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 10, నాలుగు అంగుళాల బ్యారెల్. తెలిసిన మెషినిస్టు ఒకాయన సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే తిరిగే భాగంలో, గదులు కాస్త లోతు చేసి ఇంకా శక్తి ఎక్కువైన .357 మ్యాగ్నమ్ తూటాలు పట్టేలా చేసిస్తానన్నాడు, చేయించుకోవచ్చా అని అడిగారు. లేదంటే .41, .44 మ్యాగ్నమ్‌లలో ఒకటి కొనుక్కోవడం మేలా అన్నది రెండో ప్రశ్న.

మొదటిదానికి నా జవాబు: వద్దండి. దయచేసి చేయించకండి. అలా మార్చిన రివాల్వర్ తెలియకుండానే నా చేతికి వచ్చింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను టెక్సస్‌లో ఉంటాను. కొన్నేళ్ల కిందట మీ దగ్గరున్న మోడలే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యారెల్ మీద .38 స్పెషల్ అనే చెక్కి ఉంది. మూడు నెలలు .38 తూటాలే కాల్చాను, ఏ ఇబ్బందీ లేదు. ఒక శనివారం షూటింగ్ రేంజ్‌లో నా స్నేహితుడు పక్కనే .357 కాలుస్తున్నాడు. ఇద్దరి డబ్బాలూ ఒకే బల్ల మీద తెరిచి ఉన్నాయి. మాటల్లో పడి ఆయన డబ్బాలోంచి ఒకటి తీసి నా సిలిండర్‌లో పెట్టేశాను. అది లోపలికి పూర్తిగా దిగింది, సిలిండర్ మూసుకుంది. నిజానికి .38 గదిలో ఆ తూటా మధ్యలోనే ఆగిపోవాలి, సిలిండర్ మూసుకోకూడదు.

నాలుగో తూటాకి చెయ్యి ఒక్కసారిగా పైకి లేచింది, చెవులకి మఫ్స్ ఉన్నా శబ్దం తేడాగా వినిపించింది. కాల్చడం ఆపేసి సిలిండర్ తెరిచాను. ఖాళీ కేసులు, అంటే గుండు వెళ్లిపోయాక మిగిలే ఇత్తడి గొట్టాలు, బయటికి తోసే రాడ్ నొక్కితే కదల్లేదు. ఆ ఒక్క కేసు గోడకి పట్టేసి మిగతా ఐదింటినీ ఆపేసింది.

తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు ఆ కేసును మెల్లగా కొట్టి బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. మొదలు దగ్గర ఇత్తడి ఒకవైపు పొట్టలా ఉబ్బి ఉంది. కేసు అడుగున మందుకి నిప్పంటించే చిన్న బిళ్ల, ప్రైమర్, దాని అంచుల గుండ్రదనం పోయి నేలబిళ్లలా చదునైపోయింది. తర్వాత గదిలోకి టార్చి వేసి చూడమన్నాడు. ఫ్యాక్టరీలో తొలిచిన భాగం అద్దంలా మెరుస్తోంది. ఆ చివర కొంచెం మేర మాత్రం గరుకుగా, చుట్టూ గీతలతో ఉంది. నాకంటే ముందు ఎవరో మీ మెషినిస్టు చెప్పిన పనే చేశారు. సిలిండర్ బయట వేలితో నిమిరితే రెండు గదుల మీద సన్నని ఉబ్బు తగిలింది. ఇది నువ్వు కాల్చిన ఒక్క తూటాకి వచ్చింది కాదు, పాత యజమాని చాలానే కాల్చి ఉంటాడు అన్నాడాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేంజ్‌లో నా ఎడమపక్క లేన్‌లో ఒక తండ్రీ కూతురూ ఉన్నారు.

అసలు ఈ ఆలోచన అందరికీ ఎందుకు వస్తుందంటే, రెండు తూటాల్లోనూ గుండు ఒకే లావు, 0.357 అంగుళం. .38 అన్నది పాతకాలపు లెక్కతో వచ్చిన పేరు. తేడా అంతా ఇత్తడి కేసు పొడవులో ఉంది. .38 స్పెషల్ 1898 నాటిది, కేసు 1.155 అంగుళాలు. 1930లో స్మిత్ అండ్ వెస్సన్ పెద్ద ఫ్రేమ్‌తో, అంటే సిలిండర్‌నీ బ్యారెల్‌నీ పట్టి ఉంచే చట్రంతో, ఒక దిట్టమైన .38 తెచ్చింది, దానికోసం ఎక్కువ ఒత్తిడితో .38 తూటాలు వచ్చాయి. వాటిని మామూలు .38లో పెట్టినా దిగిపోతాయి, అదే పెద్ద టెన్షన్. అందుకే 1935లో .357 మ్యాగ్నమ్ తెచ్చినప్పుడు కేసును 1.29 అంగుళాలకు పెంచారు, పాత రివాల్వర్‌లో అది పట్టకూడదని. ఆ ఎనిమిదో వంతు అంగుళం కావాలని వేసిన తాళం. మీ మెషినిస్టు తీసేస్తానంటున్నది దాన్నే.

ఇక ఒత్తిడి చూడండి. అమెరికన్ పరిశ్రమ ప్రమాణం ప్రకారం .38 స్పెషల్‌కి గరిష్ఠం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357 మ్యాగ్నమ్‌కి 35,000. కారు టైరులో మనం కొట్టించే గాలి 35 దగ్గర. దానికి వెయ్యి రెట్లు, మీ చేతికి జానెడు దూరంలో. గది లోతు పెంచినంత మాత్రాన ఉక్కు బలపడదు, గోడ మందం పెరగదు, ఫ్రేమ్ మారదు.

ఇంకో సంగతి. ఇదే సైజు ఫ్రేమ్ మీద కంపెనీయే .357 చేసింది, 1955లో వచ్చిన మోడల్ 19. దానికి సిలిండర్ పొడవు పెంచారు, ఉక్కుకి ప్రత్యేకంగా హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చారు. అంత చేసినా, 125 గ్రెయిన్ల (8 గ్రాముల) తేలిక గుండుతో శక్తి ఎక్కువైన తూటాలు తరచుగా కాల్చినవాళ్లకి బ్యారెల్ వెనక అంచు కింది భాగంలో పగుళ్లు వచ్చాయి. ఆ తర్వాతే 1980ల మొదట్లో కొంచెం పెద్ద ఫ్రేమ్‌తో 586, 686 మోడళ్లు వచ్చాయి. ఇంజినీర్లు కొలిచి చేసిన రివాల్వర్‌కే ఆ పరిస్థితి అయితే గ్యారేజీలో తొలిచిన సిలిండర్‌ని నేనెలా నమ్మను?

రెండో ప్రశ్నకి వస్తే, నేను మూడూ కాల్చాను. .357లో 158 గ్రెయిన్ల గుండు, అంటే 10 గ్రాములకి కాస్త పైన, నాలుగు అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకి 1,200 అడుగుల పైచిలుకు వేగంతో వెళ్తుంది. అదే బరువు గుండు మామూలు .38లో 750 అడుగుల దగ్గర ఉంటుంది. 1950ల మధ్యలో వచ్చిన .44 మ్యాగ్నమ్‌లో గుండు 240 గ్రెయిన్లు, 15 గ్రాములన్నర. దాని తన్ను నా మణికట్టుకి రెండు డజన్లకే చాలనిపిస్తుంది. 1964 నాటి .41 మ్యాగ్నమ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మంచి తూటాయే, కానీ షాపుల్లో దొరకడం తక్కువ, ధర ఎక్కువ. వేట, అడవిలో ఎలుగుబంటి భయం లాంటి అవసరం లేకపోతే .44 వద్దనే అంటాను. మీకు ఫ్యాక్టరీలో చేసిన .357 చాలు. అందులో .38 కూడా కాల్చుకోవచ్చు. రోజూ ప్రాక్టీసు .38తో, ఎప్పుడో ఒకసారి మ్యాగ్నమ్. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. ఒక్క జాగ్రత్త: ఎక్కువ .38లు కాల్చాక గది లోపల మసి వలయం కడుతుంది, మ్యాగ్నమ్ పెట్టేముందు బ్రష్‌తో తుడవాలి.

మార్పు మీదే మనసుంటే, తయారీ కంపెనీలే రెండు సిలిండర్లతో అమ్మేవి ఉన్నాయి. రూగర్ కంపెనీ సింగిల్ సిక్స్ రివాల్వర్‌కి .22 లాంగ్ రైఫిల్‌కి ఒకటి, .22 మ్యాగ్నమ్‌కి ఒకటి ఇస్తారు. వాళ్లదే బ్లాక్‌హాక్‌లో .357కి, 9 ఎంఎంకి ఇస్తారు. అక్కడ మారేది మొత్తం సిలిండరే.

చట్టం మాట కూడా చెప్పాలి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వాళ్లకి ఆ అడ్డు లేదు. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు గుర్తుంచుకోండి, 1959 ఆయుధాల చట్టం కింద ఆయుధాన్ని మార్చే పనికి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు అందుకు సరిపోదు.

నా రివాల్వర్‌కి గన్‌స్మిత్ వేరే .38 సిలిండర్ తెచ్చి, ఆరు గదులూ బ్యారెల్‌కి సరిగ్గా వరసలో నిలిచేదాకా అమర్చి ఇచ్చాడు. పాతదాన్ని ఇంకెవరి చేతికీ పోకుండా రెండు ముక్కలు చేయించాను. కోత దగ్గర చూస్తే, సిలిండర్‌ని ఆపే గాడి ఉన్నచోట గోడ ఎంత పలచనో కళ్లకి కనబడింది.

మీది కూడా సెకండ్ హ్యాండే అంటున్నారు కదా, ఇప్పుడే ఒక పని చేయండి. రివాల్వర్ ఖాళీ చేసి రెండుసార్లు చూసుకోండి. గదిలోకి .357 డమ్మీ తూటా (మందు లేని ఉత్తుత్తి తూటా) ఒకటి వదలండి. ముట్టుకోని .38 గది అయితే అది పూర్తిగా దిగదు, అంచు పైనే నిలబడిపోతుంది. ఆరు గదుల్లో ఏ ఒక్కదాంట్లో అయినా అంచుదాకా దిగిపోతే ఇంకొక్కటి కూడా కాల్చకుండా గన్‌స్మిత్‌కి చూపించండి. ఏమైందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.