భయపెట్టే కథలు: పాఠకుల ప్రశ్నలకు రచయిత జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి, ఆమె స్నేహితురాళ్లు అక్టోబరు 31న హాలోవీన్ రాత్రి మా ఇంట్లో చేరి భయానక కథలు చదువుకోవాలనుకుంటున్నారు. చాలాకాలంగా అటువంటి కథలు రాస్తున్న మిమ్మల్ని నిజంగా భయపెట్టిన కథలేవి? నెత్తురు, హింస మితిమీరినవి వద్దండీ.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నలుగురూ కూర్చుని చదువుకుంటారు కనుక, పైకి చదవడానికి అనువైన చిన్న కథలనే ముందు చెబుతాను. నా మొదటి ఎంపిక డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన ‘ది మంకీస్ పా’. కోరికలు తీర్చే ఒక ఎండిన కోతి చేయి, భారతదేశంలో పనిచేసి వచ్చిన సైనికుడి ద్వారా ఒక సామాన్య కుటుంబానికి చేరుతుంది. ఇంటి పెద్ద 200 పౌండ్లు కోరుకుంటాడు. మరునాడు కర్మాగారంలో కొడుకు యంత్రాల్లో చిక్కుకుని మరణిస్తాడు. యాజమాన్యం పంపిన పరిహారం సరిగ్గా 200 పౌండ్లు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని కుదిపేసిన తరువాత మా వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదు. ఆ రాత్రుల్లో ఒకనాడు కొవ్వొత్తి వెలుగులో ఈ కథను మళ్లీ చదివాను. ఉక్కు కర్మాగారంలోనో ఓడరేవులోనో రాత్రి షిఫ్టుకు వెళ్లిన మనిషి తిరిగి వచ్చేదాకా ఇంట్లోవాళ్లకు కంటిమీద కునుకు పట్టని ఊరు మనది కనుక, ఆ పరిహారం మాట దగ్గరే నా గుండె ఆగినంత పనయింది. కొడుకు తిరిగి రావాలని తల్లి పట్టుబట్టి తండ్రి చేత మరో కోరిక కోరిస్తుంది. తరువాత అర్ధరాత్రి ఎవరో తలుపు తడతారు. గడియ తీయాలని తల్లి పరుగెడుతుంది, తీయనివ్వకూడదని తండ్రి తపిస్తాడు, ఇద్దరిదీ ప్రేమే. తలుపు బయట ఉన్నదెవరో రచయిత చివరిదాకా చూపించడు. భయానక కథ రాయడం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క తలుపు దగ్గర నేర్చుకున్నదే.

రెండవది ఎం. ఆర్. జేమ్స్ 1904 నాటి సంపుటిలోని ‘ఓ, విజిల్, అండ్ ఐ విల్ కమ్ టు యూ, మై లాడ్’. ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ వేళ మిత్రులకు ఇటువంటి కథలు చదివి వినిపించేవారు కాబట్టి, వాటిలో చెవికి పట్టే లయ ఉంటుంది. సముద్రతీరపు శిథిలాల్లో దొరికిన ఈలను ఒక ప్రొఫెసర్ ఊదుతాడు, అంతే. ఈ కథ చదివాక ఒక సాయంత్రం తొట్లకొండ శిథిలాలు చూసి దిగి, కింద ఇసుకలో ఒంటరిగా నడిచినప్పుడు, దూరాన కదిలిన ప్రతి ఆకారాన్నీ ఆగి చూశాను.

సమయం మిగిలితే ఎడ్గర్ అలన్ పో రాసిన ‘ది టెల్-టేల్ హార్ట్’ (1843) చదవండి. అందులో ఒక హత్య ఉన్నా, భయమంతా నేల చెక్కల కింద నుంచి వినిపించే గుండె చప్పుడులోనే ఉంది. షిర్లీ జాక్సన్ 1959 నవల ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ మాత్రం ఒంటరిగా, నిదానంగా చదవవలసినది.

ప్రశ్న: తెలుగులో ఏమీ లేవా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లేకేమండీ! యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివి రాత్రి దీపం ఆర్పడానికి భయపడిన తరం మాది. చిన్నపిల్ల మీద ప్రయోగించిన కాష్మోరా అనే క్షుద్రశక్తి చుట్టూ అల్లిన నవల అది. అయితే మన ఏజెన్సీ గ్రామాల్లో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. అందువల్ల ఆ నవలను చిన్నపిల్లల చేతికి నేను ఇవ్వను.

వారికోసం బేతాళ కథలున్నాయి. 11వ శతాబ్దంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన ఆ 25 కథలను మనకు ‘చందమామ’ దగ్గర చేసింది. శ్మశానం, అర్ధరాత్రి, భుజం మీద మాట్లాడే శవం: ఇంతకంటే భయానకమైన ఎత్తుగడ నాకు తెలియదు. జవాబు చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చదివేవారు బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసి, వినేవారి చేత జవాబు చెప్పించాలి. దీపం ఒక్కటే ఉంచండి.