వైజాగ్‌లో లెస్బియన్ల పాత రోజులను ఎలా దాచుకోవాలి?

వైజాగ్‌లో లెస్బియన్లు కలుసుకున్న చోట్లను, వాళ్ల జ్ఞాపకాలను ఎలా దాచుకోవాలని ఒకరు అడిగారు. అసలు ఇక్కడ అలాంటి చోటంటూ ఉండేదా అని కూడా అడిగారు. బోర్డు పెట్టిన చోటు నేనైతే చూడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లెక్సింగ్టన్ క్లబ్ అనే లెస్బియన్ బార్ 2015లో మూతపడితే పేపర్లలో వచ్చింది. మావి పోతే ఎవరికి తెలుస్తుంది? ఎంవీపీ కాలనీలో ఒక లేడీస్ హాస్టల్ మేడ, బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి పక్కన గట్టు, అక్కాచెల్లెళ్లమని ఓనరుకు చెప్పి తీసుకున్న పోర్షను. అంతే. ఆ హాస్టల్ ఇప్పుడు అపార్ట్‌మెంట్లయింది.

2014లో రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి. సెప్టెంబర్ 30న ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ సైటు మూసేశారు, మారుపేర్లతో ఒకరికొకరం రాసుకున్న మా స్క్రాపులు (మెసేజ్‌లు) దాంతోపాటే పోయాయి. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను. కిటికీ రెక్కలు ఊడి, అట్టపెట్టెలో ఉత్తరాలు ముద్దయిపోయాయి.

న్యూయార్క్‌లో లెస్బియన్ల ఉత్తరాలు, ఫొటోలు దాచే లెస్బియన్ హెర్‌స్టరీ ఆర్కైవ్స్ 1974లో మొదలై, చాలా ఏళ్లు దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన జోన్ నెసల్ అపార్ట్‌మెంట్‌లోనే నడిచింది. 1993లో బ్రూక్లిన్‌లో సొంత ఇంట్లో తలుపులు తెరిచింది. ఇంట్లోంచే మొదలుపెట్టొచ్చన్నమాట. కాకపోతే మనకు ఇంట్లోవాళ్ల కళ్లే పెద్ద టెన్షన్. పండగకి బీరువా సర్దితే చాలు, అన్నీ బయటపడతాయి.

అందుకే ముందు గొంతులు రికార్డు చేయండి. నేను ఫోన్‌లోనే చేస్తున్నాను. ‘నీకెప్పుడు తెలిసింది’ అని మొదలుపెడితే అందరూ బిగుసుకుపోతారు. రూమ్ అద్దె ఎంత, వంట ఎవరు చేసేవారు, పెళ్లిచూపులు తప్పించుకోడానికి ఏం అబద్ధం చెప్పారు అని అడగండి. మా అక్కలాంటి ఒకావిడ కిరోసిన్ స్టవ్ గురించి మొదలుపెట్టి, అర్ధరాత్రి దాకా ఆగలేదు.

అసలు పేర్లు వాడొచ్చా లేదా అని అడగడానికి మాత్రం మొహమాటపడకండి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంబంధాలను నేరమన్న సెక్షన్ 377 భయం పోయింది కానీ, మనతో మాట్లాడేవాళ్లలో కొందరికి ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నారు. ఎవరు వినొచ్చు, ఎన్నేళ్ల తర్వాత వినొచ్చు అన్నది కాగితం మీద రాయించుకోండి. ‘నేను పోయాకే’ అంటే పోయాకే. ఫొటోలో ముఖం దాచాలంటే కాపీలో దాచండి, అసలు ఫొటో మీద కత్తెర పెట్టకండి.

ఒక కాపీ ఊరి బయట ఉండాలి. బెంగళూరులో నేషనల్ లా స్కూల్‌లో ‘కమ్రా’ అనే క్వీర్ ఆర్కైవ్ ఉంది, అంటే మనలాంటివాళ్ల కాగితాలు, గొంతులు దాచే చోటు. పంపేముందు షరతులు అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఉంచేవాటికి అట్టపెట్టె వద్దు, రేకు ట్రంకుపెట్టె కొనండి. సముద్రపు చెమ్మకి ప్లాస్టిక్ ఆల్బంలో ఫొటోలు అతుక్కుపోతాయి. ఒక్కోదాన్ని కాగితం కవర్లో పెట్టి, ఏ చోటో ఏ సంవత్సరమో కవరు మీద పెన్సిల్‌తో రాయండి.