మావాడు మెతక మనిషి, రాజకీయాల్లో నెగ్గుకొస్తాడా?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లె. మూడెకరాల వరి, అరెకరం కొబ్బరి తోట ఉన్నాయి. అబ్బాయికి ఇరవై ఒకటి, బీఏ ఆఖరి సంవత్సరం. గ్రూప్స్ రాయమంటే ఎమ్మెల్యే అవుతానంటున్నాడు. వాడు ఎవరినీ పల్లెత్తు మాట అనడు. 'నీకు చేతకాదురా' అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. హైదరాబాద్‌లో ఏడాది రాజకీయ నాయకత్వ కోర్సు ఉందట. తోట అమ్మి చేర్పించమంటారా? గ్రూప్స్ మేలా, రాజకీయం మేలా?

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు చాలామంది తండ్రులు రాశారు. పైకి కోర్సు గురించి అడుగుతారు గానీ లోపలి భయం వేరు. మెత్తని పిల్లాణ్ణి ఆ గుంపు నలిపేస్తుందేమోనని, ఉన్న కాస్త ఆస్తీ హరించుకుపోతుందేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను.

లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జి.ఎం.సి. బాలయోగి గారిది మీ కోనసీమే కదా. గొంతు పెంచి పైకొచ్చిన మనిషి కాదు. కాకినాడలో వకీలుగా మొదలయ్యారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షుడయ్యారు, 1991లో ఎంపీ అయ్యారు. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళి ఉన్నత విద్యాశాఖ మంత్రిగా చేశారు. 1998లో లోక్‌సభ స్పీకర్. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజున సభ నడిపింది ఆయనే. అంత ఉద్రిక్తత తర్వాత కూడా, ఆ ఏడాదే వచ్చిన కొత్త సభ ఆయన్నే మళ్ళీ ఏకగ్రీవంగా స్పీకర్‌ని చేసింది. మెతకతనం అడ్డమైతే ఇది జరిగేదా?

ఇందులో మీరు పట్టుకోవాల్సింది 1996 ఓటమి. ఓడిన రోజున చేతిలో వేరే వృత్తి ఉన్నవాడు నిలబడతాడు. లేనివాడు మర్నాటి నుంచే ఎవరో ఒకరి గుమ్మం పట్టుకుంటాడు, వాళ్ళు చెప్పినట్టు అరుస్తాడు. మితంగా మాట్లాడే మనిషి ఆ మితాన్ని నిలుపుకోవాలంటే ఇంటి ఖర్చు పార్టీ మీద ఆధారపడకూడదు. అందుకే మీవాడికి నేను చెప్పేది మూడేళ్ళ లా. లా ప్రవేశ పరీక్ష లాసెట్ సంగతులు వాడికి తెలిసే ఉంటాయి. తర్వాత అమలాపురం కోర్టులో ఒక మంచి సీనియర్ దగ్గర చేరాలి.

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. సర్టిఫికెట్ చూసి ఏ పార్టీ బీ ఫారం, అంటే టికెట్, ఇవ్వదు. ఇప్పుడు పిల్లలందరికీ మోజుగా ఉన్న ఎన్నికల వ్యూహ సంస్థల ఉద్యోగాల మీద కూడా అనుమానమే. 2024 ఎన్నికల ముందు నా దగ్గర సలహా తీసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు అలాంటి చోట్ల చేరారు. రోజుకు పద్నాలుగు గంటలు సర్వేలు, వీడియోలు. జూన్‌లో ఫలితాలు వచ్చాక ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. తెలివైన పిల్లలే, కానీ ఆ ఏడాదిలో ఒక్క ఊరి సమస్య కూడా లోతుగా నేర్చుకోలేదు. నాకు బాధ అక్కడే. జనాన్ని బూత్ నంబర్లుగా చూడటం అలవాటైతే, ఆ తర్వాత మనిషిగా చూడటం కష్టం.

మీ ఇంటి ముందే అంతకంటే మంచి బడి ఉంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు ఆపేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. గిట్టుబాటు ఎందుకు కాలేదు, మురుగు డ్రెయిన్లు ఎందుకు పూడాయి, చివరి ఆయకట్టుకి నీరు ఎందుకు అందడం లేదు? ఇవి మీవాడు లెక్కలతో చెప్పగలగాలి. శాసనసభలో విప్ జారీ అయితే ఓటు పార్టీ చెప్పినట్టే వెయ్యాలి, కాదంటే సభ్యత్వానికే ముప్పు. కాబట్టి మితంగా మాట్లాడేవాడి బలం ఓటింగ్‌లో కంటే ప్రశ్నోత్తరాల్లో, కమిటీల్లో, అధికారి ముందు ఫైలు పెట్టి మాట్లాడటంలో కనిపిస్తుంది. అక్కడ విషయం తెలిసినవాడి మాటే చెల్లుతుంది. నీటి సంఘం సమావేశాలకు వాణ్ణి వెంట తీసుకెళ్ళండి. సర్పంచ్‌కి ఇరవై ఒక్క ఏళ్ళు చాలు, ఆ పదవులు రిజర్వేషన్లతో మారుతుంటాయి కాబట్టి వార్డు సభ్యత్వమైనా చిన్నదనుకోవద్దు. అసెంబ్లీకి ఇరవై అయిదు నిండాలి. అంటే నాలుగేళ్ళు చేతిలో ఉన్నాయి. టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఒక మాట కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. 'నీకు చేతకాదురా' అన్న మాట ఇంట్లో ఇక వినపడకూడదు. పల్లెత్తు మాట అనని కొడుకుని కన్నందుకు సంతోషించాల్సింది పోయి, అదే లోపమని రోజూ వాడి మొహం మీద చెబుతున్నారు. పైగా పిల్లాడి మీద నమ్మకం లేదంటూనే తోట అమ్మడానికి సిద్ధపడ్డారు. ఆ తోటలో కొబ్బరికాయలు దింపితే వచ్చే డబ్బు వాడు లా చదివే మూడేళ్ళూ అక్కరకొస్తుంది. అమ్మకండి.

గ్రూప్స్ మేలా అన్నారు. నెల జీతం, భద్రత అందులో ఉన్నాయి, ఎమ్మెల్యేగిరీలో అయిదేళ్ళకోసారి పరీక్షే. కానీ మనసు లేనివాణ్ణి ఏళ్ళ తరబడి కోచింగ్‌లో కూర్చోబెట్టి సాధించేది ఏమీ ఉండదు. వాడికి రాయాలనిపిస్తే లా చదువుతూ కూడా రాయొచ్చు.

వచ్చే నెలలో అబ్బాయిని నా దగ్గరకు పంపండి. ఒంటరిగా పంపండి. మీరు పక్కన ఉంటే వాడు నోరు విప్పడు.