పెంపకమే ఛియావో ఫెంగ్‌ను తీర్చిదిద్దిందా?

యుద్ధవిద్యల వీరుడి స్వభావాన్ని పుట్టుక నిర్ణయిస్తుందా, పెంపకం నిర్ణయిస్తుందా అన్న ప్రశ్నకు, 1963లో హాంగ్‌కాంగ్‌లో ధారావాహికగా మొదలైన చైనీస్ యుద్ధవిద్యల కథల రచయిత జిన్ యోంగ్ నవల ‘డెమీ-గాడ్స్ అండ్ సెమీ-డెవిల్స్’లోని ఛియావో ఫెంగ్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

పుట్టుకతో అతడు, చైనీయుల సోంగ్ రాజ్యానికి శత్రువైన ఉత్తరాది లియావ్ రాజ్యాన్ని ఏలిన ఖితాన్ జాతివాడు. యాన్‌మెన్ కనుమ వద్ద హాన్ (చైనా ప్రధాన జాతి) యోధుల చేతిలో తల్లి చనిపోగా, ఆ పసికందును షావోలిన్ మఠానికి సమీపాన ఉండే పేద రైతు దంపతులు కన్నకొడుకులా పెంచారు; ఒక షావోలిన్ భిక్షువు అతనికి యుద్ధవిద్య నేర్పాడు. బిచ్చగాళ్ల సంఘానికి నాయకుడయ్యాక తాను శత్రుజాతివాడినన్న మాట చెవిన పడినప్పుడు, నిజం తెలుసుకోవడానికి అతడు నేరుగా ఆ పల్లెటూరి ఇంటికే వెళ్తాడు. అప్పటికే ఆ ఇద్దరూ హత్యకు గురై ఉంటారు. హంతకుడు అతని కన్నతండ్రేనని తర్వాత బయటపడుతుంది. రక్తసంబంధం గొప్పదనే వాదనకు ఇంతకంటే కఠినమైన జవాబు లేదని నా అభిప్రాయం.

చివరికి, సోంగ్ రాజ్యంపైకి దండెత్తబోయిన లియావ్ చక్రవర్తిని తన ప్రమాణ సోదరులు బంధించగా, ఆ చక్రవర్తి బతికున్నంతకాలం లియావ్ సేన సరిహద్దు దాటదని బాణం విరిచి ప్రమాణం చేసేలా ఒప్పించి, ఆ విరిగిన ముక్కలనే అతడు తన గుండెలో పొడుచుకుంటాడు. పెంచినవారి నేలనూ, కన్నవారి జాతినీ ఏకకాలంలో ప్రేమించినవాడికి మరో దారి మిగలలేదు.

పెంపకం ఎప్పుడూ మేలే చేస్తుందని దీని అర్థం కాదు. అదే రచయిత సృష్టించిన యాంగ్ కాంగ్, కన్నతండ్రి ఎవరో తెలిశాక కూడా, తనను పెంచిన, శత్రురాజ్యమైన జిన్‌కు చెందిన రాకుమారుడి సంపదను వదులుకోలేకపోతాడు.