పాఠకుల ప్రశ్నలు: ముఖం తెలియని మనిషికి కృతజ్ఞత చెప్పడమెలా?

ప్రశ్న: నేను తెనాలిలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు రాసిన నాలుగు వందల పద్యాలను 2004లో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి సీడీలో దాచాను. ఈ ఏడాది వాటిని పుస్తకంగా వేద్దామని తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. మా మనవరాలు ఇంటర్నెట్‌లో ఈ సంగతి అడిగితే, ఎవరో ఒకాయన నాలుగు రాత్రులు కూర్చొని పద్యాలన్నింటినీ, ఏ కంప్యూటరులోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, ఎగిరిపోయిన అరసున్నలను కూడా నా దగ్గరున్న చేతిరాత ప్రతి ఫొటోలతో పోల్చి చూసి, మళ్ళీ పెట్టి పంపారు. డబ్బు పంపుతానంటే వద్దన్నారు. ఊరు చెప్పలేదు, అసలు పేరు కూడా చెప్పలేదు. ఈ రుణం ఎలా తీర్చుకోవాలి?

జవాబు: మాస్టారూ, ముందుగా ఆయన చేసిన పని ఎంతటిదో మీకు తెలియాలి. ఏం జరిగిందో తెలియకుండా చెప్పే ధన్యవాదం, ఎంత మనస్ఫూర్తిగా చెప్పినా, అవతలి మనిషికి సగమే అందుతుంది.

ఆ కాలపు డీటీపీ ఫాంట్లు తెలుగును అక్షరాలుగా కాక ముక్కలుగా దాచేవి. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు ఇలా ఒక్కో ముక్కను ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టేవారు కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో మీకు ఆ ఇంగ్లీషు అక్షరాలే కనిపించాయి. యూనికోడ్ దారి వేరు. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు సొంత స్థానాలు ఏర్పడ్డాయి. అక్కడ అక్షరాన్ని కంటికి కనిపించే వరుసలో కాక పలికే వరుసలో దాస్తారు. ‘స్త్రీ’ అనే మాటనే చూడండి. కాగితం మీద ముందు ‘సీ’ కనిపిస్తుంది, దాని చుట్టూ త ఒత్తు, ర ఒత్తు చేరతాయి. యూనికోడ్‌లో మాత్రం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివరగా దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు ఆ వరుసలోనే ఉండాలి. కాబట్టి పాత ఫైలును మార్చడమంటే ముక్క స్థానంలో ముక్క పెట్టుకుంటూ పోవడం కాదు. ప్రతి అక్షరంలోనూ వరుసను తిరిగి కట్టాలి. ఆ పని చేసే పరికరాలు ఉన్నాయి గాని, పద్యం దగ్గర మనిషి కన్ను తప్పనిసరి. ఒక ఒత్తు జారిపోతే ముందరి అక్షరం లఘువై గణం చెడుతుంది. అరసున్న పోతే గణం చెడదు, కాని మీ నాన్నగారు నిష్ఠగా పాటించిన వ్యాకరణం పోతుంది. ఇది తెలిసిన మనిషి కనుకనే ఆయన అరసున్నల కోసం చేతిరాత ప్రతిని అడిగి తెప్పించుకున్నారు. ఆ నాలుగు రాత్రులూ ఎక్కువగా దానికే ఖర్చయి ఉంటాయని నా ఊహ.

ఇలాంటి పనిని పేరూ ఊరూ చెప్పకుండా చేసేవారు మనకు కొత్త కాదు. కంప్యూటరులో తెలుగు నిలబడిన తీరే అది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించి అందరికీ ఇచ్చారు. దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా పంచారు. నాగార్జున వెన్న గారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు; ఒక్కో వెబ్‌సైటు ఒక్కో ఫాంటుతో మొరాయించే ఆ రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను కూడా ఆయనే తయారు చేశారు. 2006లో, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే వీవెన్ గారి ‘లేఖిని’ వచ్చింది. నేను కంప్యూటరులో రాసిన మొదటి తెలుగు వాక్యం దానిలో రాసిందే. వీరి పేర్లైనా మనకు తెలుసు. వీరి పనిని ఆధారం చేసుకొని, ‘ఒత్తులు విరిగిపోతున్నాయి, ఏం చేయాలి’ అని అడిగినవారికి ఏళ్ళ తరబడి ఓపికగా జవాబులు రాసినవారి పేర్లు ఎక్కడా లేవు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీరు ఆయనకు ఒక ఉత్తరం రాయండి. ‘చాలా థాంక్స్’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఏ పద్యం చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చదువుకున్నారో, ఎక్కడ మీ కళ్ళు చెమర్చాయో, ఎక్కడ ఇంకా ఒక అక్షరం తేడాగా కనిపించిందో, విడివిడిగా రాయండి. తేడా కనిపించిన చోటు చెబితే ఆయన నొచ్చుకుంటారని సందేహించకండి. మంచి పనివాడికి తన పనిని ఎవరో అక్షరం అక్షరం చదివారని తెలియడం కన్నా సంతోషం ఉండదు. వైద్యుడి దగ్గరికి రోగి తిరిగి వచ్చి నయమైందని చెబుతాడు, వడ్రంగి తాను చేసిన తలుపును దారిన పోతూ చూసుకుంటాడు; ఇంటర్నెట్‌లో సాయం చేసినవారికి మాత్రం తమ సాయం పనికివచ్చిందో లేదో మనం చెబితే తప్ప తెలిసే మార్గం లేదు. చలివేంద్రంలో నీళ్ళు పోసేవారికి కనీసం తాగినవాడి ముఖం తేటపడటం కనిపిస్తుంది. వీరికి అది కూడా లేదు.

డబ్బు విషయంలో మళ్ళీ బలవంతపెట్టకండి. ఆ నాలుగు రాత్రులకు వెల కడితే అవి చాలా తక్కువ జీతానికి చేసిన కూలిగా మారిపోతాయి. డబ్బు ఇవ్వాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు, కాని దాన్ని ఆయన వాడిన ఉచిత పరికరాలను నిర్వహించేవారికి పంపితే బాగుంటుంది. వ్యక్తులు వద్దన్నా, అటువంటి ప్రాజెక్టులకు డబ్బు అవసరం నిజంగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో మన రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలోని పెద్ద సంస్థలెన్నో వాడుకుంటున్నా, 2014లో దానిలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే ప్రమాదకరమైన లోపం బయటపడేనాటికి దానికి విరాళాలుగా ఏడాదికి వస్తున్నది సుమారు 2,000 డాలర్లు మాత్రమే.

పుస్తకం ముందుమాటలో, ఆయన అనుమతి తీసుకొని, ఇంటర్నెట్‌లో వాడే మారుపేరుతోనైనా ఆయనను ప్రస్తావించండి. ఒక ప్రతి పంపడానికి చిరునామా అడగండి; ఇవ్వకపోతే ఒత్తిడి చేయవద్దు. పద్యాల హక్కులు మీ కుటుంబానివే కనుక, అచ్చయ్యాక వాటిని ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసి, ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో చేర్చవచ్చు. మరొక్క పని మీ మనవరాలికి అప్పగించండి. ఏ ఫాంటు నుంచి మార్చారు, ఏ పరికరం వాడారు, ఏ అక్షరాలు చెడ్డాయి, వాటిని ఎలా సరిచేశారు అన్నది ఆయనను అడిగి తెలుసుకొని, తెలుగులో రెండు పేజీలు రాసి, ప్రశ్న అడిగిన చోటనే పెట్టమనండి. మన ఊళ్ళలో బీరువాల్లో మూలుగుతున్న సీడీలు ఎన్నో ఉన్నాయి. రేపు ఇంకో మాస్టారు అదే ప్రశ్న అడిగినప్పుడు ఆ రెండు పేజీలు ఆయనకు నాలుగు రాత్రులను మిగులుస్తాయి. మీరు తీర్చగలిగిన రుణం ఇదేనని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో ఒక ఎర్రర్ రెండు రోజులు వేధిస్తే ఇంటర్నెట్‌లో ‘అర్జెంట్’ అని పెట్టి అడిగాను. ఒకరు ‘ముందు ఎర్రర్‌లో ఏముందో చదవండి’ అని కటువుగా రాశారు, ఇంకొకరు ఓపికగా పరిష్కారం చెప్పారు. పని అవగానే, ఇంత చిన్న విషయం అడిగానని స్నేహితులు చూస్తారేమోనని, నా ప్రశ్నను తొలగించాను. అది తప్పా?

జవాబు: తప్పేనమ్మా, కాని సరిదిద్దుకోగలిగినదే. ప్రశ్నను తొలగించినప్పుడు దాని కింద ఆ రెండో మనిషి రాసిన జవాబు కూడా చదివేవారికి అందకుండా పోతుంది. ఆయన ఆ జవాబును మీ ఒక్కరి కోసమే రాయలేదు. అదే ఎర్రర్‌తో వచ్చే ఏడాది వెతుక్కునేవారి కోసం కూడా రాశారు. 2008లో మొదలైన, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు రాసుకునే వెబ్‌సైటైన స్టాక్ ఓవర్‌ఫ్లో పద్ధతిని గమనించండి. అక్కడ ప్రశ్న అడిగినవారు తమకు పనికివచ్చిన జవాబును ఆమోదించి గుర్తు పెడతారు. జవాబు రాసినవారికి దానివల్ల కొన్ని పాయింట్లు వచ్చే మాట నిజమే గాని, అసలు ప్రయోజనం తర్వాత వచ్చేవారిది. పది జవాబుల్లో ఏది పనిచేసిందో ఆ గుర్తు చెబుతుంది. మీ ప్రశ్నను మళ్ళీ పెట్టి, కింద పరిష్కారాన్ని మీ మాటల్లో రాసి, సాయం చేసినవారి పేరు చెప్పండి. మీ స్నేహితుల్లో అదే ఎర్రర్ వచ్చి నోరు మెదపనివారు కనీసం ఇద్దరైనా ఉంటారు.

కటువుగా రాసిన మొదటి మనిషిని నేను సమర్థించను. సాయం ఉచితమైనంత మాత్రాన అడిగినవారిని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ రాదు. అయితే ఈసారి అడిగేటప్పుడు ఎర్రర్ సందేశాన్ని ఫొటో తీయకుండా అక్షరాలుగానే అతికించండి, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో రాయండి, మీరు అప్పటికే చేసి చూసినవి చెప్పండి. ఫొటోలోని అక్షరాలను ఎవరూ కాపీ చేసి వెతకలేరు, తర్వాత వచ్చేవారికి ఆ ప్రశ్న దొరకనూ దొరకదు. ‘అర్జెంట్’ అనే మాట వద్దు. అది మీ తొందరను రాత్రిపూట తీరిక చేసుకొని కూర్చున్న ఒక అపరిచితుడి నెత్తిన పెడుతుంది. ఇంత శ్రద్ధగా రాసిన ప్రశ్న దానికదే ఒక మర్యాద. ధన్యవాదాల్లో సగం అప్పుడే చెల్లినట్లు.

ప్రశ్న: మావారు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాత్రి భోజనం కాగానే లాప్‌టాప్ తెరిచి, తాను తయారు చేసిన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ఎవరెవరో అడిగే ప్రశ్నలకు ఒంటిగంట దాకా జవాబులు రాస్తారు. ఒక్కోరోజు ఎవరో విసురుగా రాసింది చదివి నిద్ర కూడా పోరు. మానేయమంటే నా మీద కోపం. ఆయనకు దీనివల్ల ఏం ఒరుగుతోంది?

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, అది న్యాయమైనదే. ఆయన చేసేది వృథా పని కాదు. అలాగని ఎంతైనా భరించవలసిన పని కూడా కాదు. ఒక నిజమైన ఉదంతం చెబుతాను, వీలుంటే ఆయనతో కలిసి చదవండి.

లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే దాదాపు ప్రతి కంప్యూటరులోనూ ఫైళ్ళను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సే కొల్లిన్ దాన్ని చాలా ఏళ్ళు దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా నడిపారు. 2022లో కొందరు కొత్త పేర్లతో వచ్చి, పని మందకొడిగా సాగుతోందని, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించాలని ఆయన మీద పదేపదే ఒత్తిడి తెచ్చారు. ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని ఆయన గుర్తు చేయవలసి వచ్చింది. అదే సమయంలో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు ఎంతో ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, నిర్వహణలో భాగస్వామి అయ్యారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్‌లో ఆ పేరు గల వ్యక్తి ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడేందుకు రహస్యంగా ఒక దొంగదారి పెట్టినట్లు మార్చి నెలాఖరున బయటపడింది. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన కంప్యూటరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఆ అర సెకను వెంటపడి వెళ్ళి కనుక్కున్నారు. దొంగదారి పెట్టడానికి సందు దొరికింది అలసిపోయిన ఒక మంచి మనిషి దగ్గర అన్నది నన్ను ఎక్కువగా కలచివేసిన విషయం. ఆయనను తొందరపెట్టిన వారికి ఎదురుగా నిలబడి, ‘ఇన్నేళ్ళుగా మీరు చేసింది చాలా పెద్ద పని, నెమ్మదిగా కానివ్వండి’ అని గట్టిగా చెప్పినవారు ఇంకొంతమంది ఉండి ఉంటే, ఆ ఒత్తిడి అంత సులువుగా పనిచేసి ఉండేది కాదనుకుంటాను.

మీరు ఆయనను మానేయమనకండి, హద్దు పెట్టుకోమనండి. వారంలో రెండు రాత్రులు లాప్‌టాప్ తెరవకుండా ఉండటం, జవాబుకు వారం రోజులైనా పట్టవచ్చని ముందుగానే రాసిపెట్టడం, విసురుగా రాసినవారికి ఆ రాత్రి కాక మర్నాడు బదులివ్వడం, తరచుగా వచ్చే ప్రశ్నలకు ఒక్కసారి వివరంగా రాసి ఆ పేజీనే చూపించడం, ఇవన్నీ ఆయన పనికి మేలే చేస్తాయి. తోడు వస్తామన్నవారిని చేర్చుకునేటప్పుడు తొందరపడవద్దని కూడా చెప్పండి.

ఏం ఒరుగుతోందని మీరు అడిగారు. ఆ మాట ఆయననే అడగండి, కాని కోపంగా ఉన్నప్పుడు కాదు. ఆయన సాయంతో పని పూర్తయినవారు తిరిగి వచ్చి రాసిన ఉత్తరాలు ఏవైనా ఉంటే ఒక ఆదివారం మీకు చదివి వినిపించమనండి. అలాంటివి ఒక్కటి కూడా లేవని ఆయన చెబితే, ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్న ఆయన స్నేహితులకు మీరే ఫోన్ చేసి, తలొక ఉత్తరం రాయమని అడగండి.